మిరప చేలో ఫోటో ప్రింటర్: కెనాన్ సెల్ఫీ సీపీ1500 ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

కెనాన్ సెల్ఫీ సీపీ1500 పోస్టుకార్డు సైజు ఫోటోలు అచ్చువేసే చిన్న ప్రింటర్. బరువు సుమారు 850 గ్రాములు. పుట్టినరోజుల్లో, పెళ్ళిళ్ళ ఫోటో బూతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ దాన్ని చూస్తున్నది వేరే పనికి. గుంటూరు, పల్నాడు జిల్లాల ఊళ్ళలో డాక్యుమెంటరీ ఫోటోలు తీసేవాళ్ళు, ఎవరిని తీశారో వాళ్ళ చేతికి అక్కడికక్కడే ఫోటో ఇవ్వడానికి ఇది ఏ మేరకు అక్కరకొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నదే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళ ఫోటోలే తీస్తున్నట్టయితే దీన్ని కొనక్కర్లేదు, గుంటూరులోనో విజయవాడలోనో కలర్ ల్యాబులో వేయించిన ప్రింటే చౌక, పైగా పెద్దది. వలస కూలీల ఫోటోలు తీసేవాళ్ళయితే మాత్రం ఇలాంటి యంత్రం ఒకటి సంచిలో లేకుండా చేలోకి దిగకూడదు.

కారణం మిరప కోతల తీరులోనే ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టుపక్కల చేలల్లో కాయ కోసేవాళ్ళలో పెద్ద భాగం కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, అంటే ఆదోని, కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలతో సహా వచ్చినవాళ్ళే. చేను పక్కన, కాలవ గట్టున టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. ఒక ఆసామి కోత అయిపోతే మూటాముల్లె ట్రాక్టరు మీద వేసుకుని ఇంకో ఊరికి పోతారు. విజయవాడ నుంచి కెమెరా పట్టుకుని వచ్చినవాళ్ళకి ఆ పట్టాలు, ఆ మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి పక్కన ధూళిలో కూర్చున్న పిల్లాడు కంటపడతాయి. ఫోటో తీసి, కింద ‘గుంటూరు జిల్లాలో పల్లె బతుకు’ అని రాస్తారు. ఆ రాతలో రెండు తప్పులున్నాయి. ఆ మనుషులది గుంటూరు పల్లె కాదు. ఆ పట్టా వాళ్ళ ఇల్లూ కాదు, పనిచేసే కాలానికి వేసుకున్న బస. సొంతూళ్ళో వాళ్ళకి ఇల్లుంది, చాలామందికి వాన మీద ఆధారపడ్డ కొద్దిపాటి చేనుంది, బడిలో చదివే పిల్లలున్నారు. ఫోటోలో అవేవీ లేవు గనుక చూసేవాడికి అవి లేనట్టే.

ఇలాంటివాళ్ళకి ‘వచ్చే వారం ఫోటో తెచ్చిస్తాం’ అనడం దాదాపు అబద్ధంతో సమానం. వచ్చే వారానికి వాళ్ళు అక్కడ ఉండరు. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ చరిత్రలో అందరికీ తెలిసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి) బొమ్మకి వెనక కూడా ఇదే ఉంది. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల బసలో అమెరికా ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ ఒక తల్లిని, ఆమె పిల్లలని తీసింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. తన పేరు అడగలేదని, ఫోటో కాపీ పంపుతానని చెప్పి పంపలేదని, ఆ బొమ్మ అసలు తీయకపోతేనే బాగుండేదని ఆమె అప్పుడు చెప్పింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని ఆ ఫోటోతోపాటు నడిచిన వివరాన్ని కూడా ఆమె కొడుకు కొట్టిపారేశాడు. ఆమె చెరోకీ మూలాలున్న మనిషి. ఆ సంగతీ ఫోటోతో బాటు రాలేదు. ఒక కాపీ చేతికి ఇచ్చి, పేరు అడిగి రాసుకుని ఉంటే ఇందులో సగం తప్పులు అక్కడే ఆగేవి. అక్కడా కోతలే, బసలే, వారానికో చోటు మారే కుటుంబాలే. ఈ ప్రింటర్ విలువని ఆ కొలతతోనే చూడాలి.

ఇక యంత్రం సంగతి. ఇది ఇంకు చిమ్మే రకం కాదు. వేడితో రిబ్బన్ మీది రంగుని కాగితంలోకి ఎక్కించే డై సబ్లిమేషన్ పద్ధతి. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ వెళ్ళొస్తుంది: మొదట పసుపు, తర్వాత మెజెంటా, తర్వాత సయాన్, చివర్లో పైన పారదర్శకమైన పూత. అందుకే బయటికి వచ్చేసరికే ఫోటో ఆరి ఉంటుంది, చెమట చేత్తో పట్టుకున్నా రంగు అంటదు, నాలుగు నీటి చుక్కలు పడ్డా తుడిస్తే సరి. చేలో పనికి ఇది చాలా పెద్ద గుణం. పోస్టుకార్డు సైజు అంటే 100 × 148 మిల్లీమీటర్లు, ఒక్కోటి దాదాపు 41 సెకన్లలో వస్తుంది. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆ కాగితానికి కావలసింది రెండు మెగాపిక్సెళ్ళే. కాబట్టి ఫోను ఫోటో అయినా కెమెరా ఫోటో అయినా పదును విషయంలో తేడా తెలియదు. ఎస్‌డీ కార్డు నేరుగా పెట్టుకోవచ్చు, ఫోను నుంచి వైఫై మీద పంపుకోవచ్చు. చేలో కార్డే మేలు. ఫోను కలుపుకునే పని లేదు, చిన్న తెర మీద పదిమంది చూస్తుండగా కావలసిన ఫోటో వాళ్ళే చూపిస్తారు.

ఆ కాగితం వెనక్కీ ముందుకీ తిరగడమే బయట వాడేటప్పుడు తలనొప్పి. ప్రింటర్ వెనక కనీసం దాని లోతంత ఖాళీ ఉండాలి. సంచిలో పెట్టి, గోడకి ఆనించి, ట్రాక్టరు ట్రక్కు అంచున పెట్టి నడిపితే వెనక్కి వచ్చిన కాగితం తగిలి ఇరుక్కుంటుంది. పసుపు రంగు ఒక్కటే పడిన కాగితం బయటికి రాగానే ‘అయిపోయింది’ అనుకుని ఎవరో ఒకరు లాగుతారు, పిల్లలైతే తప్పకుండా లాగుతారు. లాగితే ఆ ప్రింటు పోయినట్టే, యంత్రానికీ దెబ్బే. మూడు రంగులూ, పై పూతా ఎక్కేదాకా చేయి పెట్టొద్దని ముందే చెప్పి, మొదటి ఫోటో అచ్చవుతుంటే అందరికీ చూపించడం మంచి పద్ధతి. పసుపు మొహం కాస్తా ఎర్రబడి, చివరికి అసలు రంగు తేలడం చూడ్డానికి పెద్దవాళ్ళు కూడా మూగుతారు. ఆ మూగడంలోనే గాలికి అడ్డం కూడా దొరుకుతుంది.

దుమ్ము ఇంకో శత్రువు. మిరప కాలంలో గాలిలో ఉండేది మట్టి ఒక్కటే కాదు, ఎండిన కాయ తొక్క నలిగిన పొడి కూడా. రిబ్బన్ మీదో కాగితం మీదో చిన్న నలుసు పడితే ఆ చోట రంగు ఎక్కదు, తెల్ల చుక్క మిగులుతుంది. నలుసు తల దగ్గర, అంటే వేడిచ్చే పట్టీ మీద నిలిస్తే ఫోటో పొడవునా గీత వస్తుంది, తర్వాతి ఫోటోల్లోనూ అదే చోట కనిపిస్తుంది. కాబట్టి గుర్తు పట్టడం తేలిక: చుక్క ఒక ఫోటోలోనే ఉంటే కాగితం మీది దుమ్ము, గీత వరసగా వస్తుంటే లోపలిది. మొదటిదానికి రబ్బరు బల్బుతో గాలి కొట్టి, కాగితాలు అంచులతో పట్టుకుని మళ్ళీ పెడితే చాలు. రెండోదానికి ఇంకు క్యాసెట్ తీసి లోపల గాలి కొట్టాలి. నోటితో ఊదొద్దు, తేమ పడుతుంది. కల్లంలో కాయ ఎగరేస్తున్నప్పుడు, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) దించుతున్నప్పుడు ప్రింటర్ మూత తెరవనే కూడదు. యార్డులో అయితే కారులోనే అచ్చువేసి బయటికి తెచ్చివ్వాలి. కాగితాల ట్రే, ఇంకు క్యాసెట్ వేరువేరు జిప్ కవర్లలో ఉంచుకోవాలి. ట్రేలో 18 కాగితాలకి మించి పెట్టకూడదు, మెరిసే వైపు పైకి ఉండాలి. తిరగేసి పెడితే ఒక కాగితమూ, దానికి సరిపడా రిబ్బనూ దండగ.

క్యాసెట్ పెట్టేముందు రిబ్బన్ వదులుగా ఉందేమో చూడాలి. బండి కుదుపులకి చుట్ట వదులవుతుంది. అలాగే పెడితే రిబ్బన్ ముడతపడి ఫోటో మీద ఏటవాలు చారలు వస్తాయి, ఒక్కోసారి తెగుతుంది. పక్కనున్న చక్రాన్ని బాణం గుర్తు వైపు బిగుసుకునేదాకా మాత్రమే మెల్లగా తిప్పాలి, ఎక్కువ తిప్పితే వాడని రంగు చుట్టుకుపోతుంది.

ఎండ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ యంత్రాన్ని 40 డిగ్రీల దాకా వాడమని కంపెనీ చెప్పింది. మార్చి నెలాఖరుకే మన మధ్యాహ్నాలు ఆ గీతని తాకుతాయి, మేలో దాటేస్తాయి. పనే వేడితో గనుక, వరసగా అచ్చువేస్తే లోపల వేడెక్కి కాసేపు తనంతట తానే ఆగిపోతుంది. చెడిపోయిందని కంగారుపడి ఆపి, వేసి, మళ్ళీ ఆపి వేధించకుండా నీడలో వదిలేస్తే మళ్ళీ నడుస్తుంది. వేప చెట్టు నీడ, కింద చెక్క పలక, పైన పలచని తెల్లగుడ్డ, అదీ గాలి రంధ్రాలు మూయకుండా. కాగితం మీద లెక్కేస్తే గంటకి ఎనభై పైచిలుకు ఫోటోలు రావాలి. ట్రే నింపడం, 36 ఫోటోలకోసారి ఇంకు క్యాసెట్ మార్చడం, వేడి విరామాలు, ఎవరి ఫోటో ఏదో తేల్చుకోవడం కలుపుకుంటే గంటకి నలభై అనుకుని బయల్దేరితే మాట పోదు. నలభై మందికి ఇస్తామని చెప్పి ఇరవై మందికే ఇచ్చి రావడం కంటే, అసలు ఇవ్వమని చెప్పడమే మర్యాద.

కరెంటు సంగతి కొనేముందే తెలుసుకోవాలి. పెట్టెలో బ్యాటరీ రాదు, అది విడిగా కొనాలి. యూఎస్‌బీ సీ రంధ్రం చూసి పవర్ బ్యాంకుతో నడుస్తుందనుకుంటే పొరపాటు, అది ఫోటోలు పంపుకోవడానికే. బ్యాటరీ దొరక్కపోతే కారులో 12 వోల్టుల సాకెట్‌కి చిన్న ఇన్వర్టర్ తగిలించి, ప్రింటర్‌తో వచ్చిన అడాప్టర్ పెట్టుకోవచ్చు. అప్పుడు యంత్రం కారు దగ్గరే ఉండిపోతుంది, కోత సాళ్ళ దగ్గరికి రాదు. కూలీలని కారు దగ్గరికి పిలిపించుకోవడంలోనే ఒక దొరతనం కనబడుతుంది. బ్యాటరీ కొనాల్సిందే.

ఖర్చు లెక్క సూటిగా ఉంటుంది, ఈ రకం ప్రింటర్లలో మెచ్చుకోవలసిన సంగతి అదే. ఆర్‌పీ 108 అనే పెట్టెలో 108 కాగితాలు, ఒక్కోటి 36 ఫోటోలకి వచ్చే మూడు ఇంకు క్యాసెట్లు ఉంటాయి. పెట్టె ధరని 108తో భాగిస్తే ఫోటో ధర. ఫోటో నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఒకే ఖర్చు. ల్యాబులో అదే సైజు ప్రింటు ఇంతకంటే బాగా తక్కువకి వస్తుంది, రాత్రికి పంపితే మర్నాడు చేతికొస్తుంది, ఆరు ఎనిమిదో, ఎనిమిది పన్నెండో కూడా వేయించుకోవచ్చు. అందుకే మంగళగిరి గుంట మగ్గాల దగ్గరో, దుగ్గిరాల పసుపు రైతుల ఇళ్ళ దగ్గరో, కొండపల్లి బొమ్మల పనివాళ్ళ దగ్గరో పనిచేసేవాళ్ళకి దీన్ని కొనమని చెప్పలేం. వాళ్ళు అక్కడే ఉంటారు. మళ్ళీ వెళ్ళడానికి ప్రింటు ఒక కారణం అవుతుంది, రెండోసారి వెళ్ళినప్పుడే అసలు మాటలు మొదలవుతాయి. ఇన్‌స్టాక్స్ మినీ రకం ప్రింటర్లు ఇంకా చిన్నవి, జేబులో పడతాయి, చార్జింగ్ బ్యాటరీ లోపలే ఉంటుంది. కానీ వాటిలో బొమ్మ 62 × 46 మిల్లీమీటర్లు. అరవై ఏళ్ళ మనిషికి ఆ సైజులో తన మొహం తనకే ఆనదు. గోడకి కట్టుకునేంత సైజు అన్నది కనీస అర్హత అనుకుంటే పోస్టుకార్డు కంటే కిందికి దిగకూడదు.

అచ్చులో ఏం తెగిపోతుందో కూడా చూసుకోవాలి. కెమెరాలో మూడుకి రెండు కొలతలో తీసిన ఫోటో ఈ కాగితానికి దాదాపు అచ్చంగా సరిపోతుంది. ఫోనులో నాలుగుకి మూడు కొలత ఫోటోని అంచుల్లేకుండా వేస్తే పొట్టి కొలతలో పదో వంతు పోతుంది, పదహారుకి తొమ్మిది కొలతదైతే పొడవు కొలతలో ఆరో వంతు పోతుంది. పదహారుకి తొమ్మిది నిలువు ఫోటోలో పోయేది పైనా కిందా, అంటే పాదాలు కూడా. ఊళ్ళో మనిషి ‘నిలువెత్తు’ ఫోటో అడిగాడంటే పాదాలతో సహా అనే. పాదాలు తెగిన ఫోటోని వాళ్ళు సగం ఫోటో కిందే లెక్కేస్తారు. కాబట్టి తీసేటప్పుడే పైనా కిందా ఖాళీ వదలాలి, లేదా అంచులతో అచ్చువేయాలి.

మొహం వెలుతురు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది. మధ్యాహ్నపు ఎండలో, తలమీద కొంగు నీడలో, నల్లని ఒంటిరంగు ఉన్న మొహాన్ని కెమెరా ఆటోమేటిక్ కొలతకి వదిలేస్తే వెనక మెరిసే చేను వల్ల మొహం మసకేసిపోతుంది. కళ్ళు గుంటల్లా, ముడతలు గీతల్లా పడతాయి. ‘శ్రమ చెక్కిన మొహం’ అని వ్యాఖ్యలు వచ్చేది ఇలాంటి ఫోటోలకే. అందులో శ్రమ కంటే ఎక్కువగా ఉన్నది తప్పుడు ఎక్స్‌పోజరు. మనిషిని నీడలోకి జరగమని అడిగి, మొహం మీదే కొలత తీసుకుని, అవసరమైతే ప్రింటర్‌లో వెలుతురు ఒక మెట్టు పెంచితే మనిషి మనిషిలా కనిపిస్తుంది. చర్మం నునుపు చేసే సెట్టింగు ముందే ఆపేసి ఉంచాలి. మన స్టూడియోల్లో అడక్కుండానే మొహం తెల్లగా చేసే అలవాటు ఉంది, దాన్ని చేలోకి తీసుకెళ్ళొద్దు. అయితే ఆమె స్వయంగా ‘కొంచెం తెలుపు చెయ్యి బాబూ’ అంటే? ఆమె ఇంట్లో పెట్టుకునే కాపీని ఆమె అడిగినట్టే వేసివ్వాలి. అది ఆమె ఫోటో. ప్రచురణకి వెళ్ళేది మాత్రం అసలు రంగులో.

నలుపు తెలుపు గురించి ఒక మాట. ఈ ప్రింటర్ మూడు రంగులు కలిపే నలుపు తేవాలి గనుక నలుపు తెలుపు ఫోటోలో కొద్దిగా రంగు ఛాయ కనబడవచ్చు. అది చిన్న సమస్య. పెద్ద సమస్య మిరప పనిలో రంగే సమాచారం కావడం. కల్లంలో ఆడవాళ్ళు గంటల తరబడి కూర్చుని చేసేది ఎర్రకాయ నుంచి రంగు పోయిన తాలు కాయని వేరుచేయడం. యార్డులో రేటు తేలేది ఆ రంగు మీదే. మొహాలు తేటగా రావాలని ఎరుపు పెంచి నలుపు తెలుపులోకి మారిస్తే ఎర్రకాయ లేత బూడిద రంగులోకి వచ్చి తాలుతో కలిసిపోతుంది. అప్పుడు ఫోటోలో మిగిలేది ఏదో కుప్ప ముందు కూర్చున్న ఆడవాళ్ళు, అంతే. వాళ్ళ కళ్ళలో, వేళ్ళలో ఉన్న నైపుణ్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పల్లెని ఎప్పటిదో పాతకాలంలా చూపించడానికి నలుపు తెలుపు సులువైన దారి గనుకే అందరూ అటు పోతారు. ఇంటికి ఫోటో కావాలన్నవాళ్ళు నలుపు తెలుపు కోరుకోవడం అరుదు. దూరం నుంచి 70–200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో తీసేదానిలోనూ ఇదే జబ్బు. వెనకున్న కోల్డ్ స్టోరేజీ, సెల్ టవరు, గట్టున ఆపిన మోటారు సైకిలు అన్నీ మసకలో కరిగిపోయి, మనిషి ఏ కాలానికీ చెందకుండా మిగులుతుంది. 35 మిల్లీమీటర్ల లెన్సుతో నాలుగడుగుల దూరం నుంచి తీస్తే అవన్నీ ఫ్రేములోకి వస్తాయి, పైగా ఆ దూరంలో మాట్లాడకుండా ఫోటో తీయడం కుదరదు.

ప్రింటు చేతికిస్తామని చెప్పిన మరుక్షణం ఫోటో మారుతుంది. అప్పటిదాకా వంగి కాయ కోస్తున్న మనిషి నిటారుగా నిలబడి, చీర సర్దుకుని, పైన వేసుకున్న పాత మగచొక్కా విప్పేసి, నేరుగా కెమెరాలోకి చూస్తుంది. చాలామంది ఫోటోగ్రాఫర్లు ఇక్కడే నిరాశపడి ‘సహజంగా లేదు’ అంటారు. వంగి కోయడం ఎంత సహజమో, ఫోటోకి నిటారుగా నిలబడాలనుకోవడమూ అంతే సహజం. పైగా ఆ ఫోటోకి ఒక అవసరం ఉంది. ఎన్నో ఇళ్ళలో పెద్దవాళ్ళు పోయాక దండ వేయడానికి ఆధార్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించుకోవడం తప్ప దారి ఉండదు. మంచి నిలువు ఫోటో ఇంటికి చేరిందంటే అది ఏళ్ళ తరబడి నిలిచే వస్తువు. అందుకే పోస్టుకార్డు కాగితంతో సరిపెట్టకుండా అసలు ఫైలు కూడా ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటుంది.

ఈ కోణంలో ప్రింటర్‌కి ఒక ప్రమాదమూ ఉంది. అది లంచంగా మారగలదు. ‘బిందె నెత్తిన పెట్టుకో, ఫోటో ఇస్తా’ అన్నామంటే పని డాక్యుమెంటరీ నుంచి నాటకంలోకి జారినట్టే. దీనికి వంశవృక్షం చాలా పాతది. ధాత కరువు కాలంలో, 1876–78లో, మద్రాసు ప్రెసిడెన్సీలో విలొబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్ళయిన మనుషులని వరసగా కూర్చోబెట్టి, అమర్చి ఫోటోలు తీశాడు. ఇటలీ ఫోటోగ్రాఫర్ అలెసియో మామో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదల ముందు బల్ల మీద ఉత్తుత్తి తిండి పదార్థాలు పేర్చి, వాళ్ళు కళ్ళు మూసుకుని ఉండగా తీసిన ఫోటోలు 2018లో బయటికొచ్చి తీవ్ర విమర్శకి గురయ్యాయి. మధ్యలో నూట నలభై ఏళ్ళు గడిచాయి. ఆకలి ఎలా కనిపించాలో తీసేవాడు ముందే నిర్ణయించుకోవడం మాత్రం మారలేదు. కాబట్టి ప్రింటుకి షరతు పెట్టకూడదు. పని ఫోటోలకి ఒప్పుకోనివాళ్ళకి కూడా, అడిగితే వాళ్ళ ఫోటో తీసి ఇవ్వాలి.

వేళ ఎంచుకోవడం కూడా డబ్బుతో ముడిపడిన విషయం. కోతకి కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట పది నిమిషాలు నిలబెట్టామంటే ఆ మేరకు ఆమె కూలి తెగ్గోసినట్టే. పొద్దున పని ఫోటోలు వాళ్ళ వేగానికి అడ్డం రాకుండా తీసుకుని, ప్రింటర్‌ని అన్నం వేళ దాకా బయటికి తీయకూడదు. అన్నిటికన్నా మంచి సమయం సాయంత్రం తూకం అయ్యాక. ఎండ తగ్గుతుంది, యంత్రానికీ మేలు. ముఠా మేస్త్రి ‘తీసుకోండి సార్’ అంటే అది మేస్త్రి అనుమతి, ఆమెది కాదు. ఒక్కొక్కరినీ అడగాలి, రెండుసార్లు అడగాలి: తీసేముందు ఒకసారి, సాయంత్రం ప్రింటు చేతికిచ్చి, పని ఫోటోలు కూడా తెర మీద చూపించి, ‘ఇవి పేపర్లోనో ఇంటర్నెట్లోనో వస్తాయి, ఏది వద్దు?’ అని ఇంకోసారి. రెండో అనుమతికి అసలు విలువ. ఆ వేళకి తాను ఎలా కనిపించిందో ఆమెకి తెలుసు. వద్దన్నది ఆమె ముందే కార్డులోంచి తీసేయాలి.

కాపీల లెక్క తప్పేది గుంపు ఫోటోల దగ్గర. ఆరుగురు కలిసి నిలబడితే ఆరు కాపీలు. ఒకటిచ్చి పంచుకోమంటే అది మేస్త్రి ఇంటికి చేరుతుంది. ఇరవై మంది ముఠాకి ఒక్కొక్కరికి ఒక ఫోటో, పైన పిల్లలవి, జంటలవి కలిపితే నలభై దాటుతుంది. అంటే రెండు ఇంకు క్యాసెట్లు, 54 కాగితాలు దగ్గరుంటే నిబ్బరం.

ప్రింటు ఇస్తున్నప్పుడే పేరు రాసుకోవాలి, అదీ ఆమె చెప్పినట్టు. ఏ ఊరు, ఏ మండలం, ఇక్కడ ఏ పని, దేని లెక్కన కూలి, తేదీ. ఆ ఐదు వివరాలు ఫోటో నంబరు పక్కన ఉంటే ‘గుంటూరు పల్లె పేదరికం’ అనే రాత రాయడం కుదరదు. చేను గట్టున నిలబడ్డ మగమనిషిని చూసి ‘రైతు’ అని రాసేయడం కూడా ఇక్కడే ఆగాలి. మన వైపు సాగు చేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కుల కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, చాలాచోట్ల ఒప్పుకోరు. కాబట్టి ‘కౌలు రైతు’ అని అచ్చువేయడం వల్ల అతనికి మేలా కీడా అన్నది అతన్నే అడగాలి. గ్రామీణ భారతం మీద 2014 నుంచి నడుస్తున్న పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, అంటే పారి, తెలుగులో కూడా చదవడానికి దొరుకుతుంది. పేరు, ఊరు, పని, సంపాదన రాసే పద్ధతి అక్కడి కథనాల్లో చూసి నేర్చుకోవచ్చు.

ఇచ్చిన ఫోటో నిలవాలంటే రెండు మాటలు చెప్పి ఇవ్వాలి. దీని రంగు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లకి ఎక్కువకాలం అంటుకుని ఉంటే మారుతుంది, సెలోటేపు అంటిస్తే ఆ మేర పాడవుతుంది, నేరుగా ఎండ తగిలే గోడ పనికిరాదు. ఫ్రేము కట్టించేదాకా మామూలు కాగితం కవరులో పెట్టి ఇస్తే చాలు. కవరు మీద పేరు రాస్తే పంచడమూ తేలిక.

చివరిగా, ఈ ప్రింటర్ కొన్నవాళ్ళలో చాలామందికి తట్టని సంగతి. ఒక్కో ఫోటోకి రిబ్బన్‌లో ఒక్కో గడి పూర్తిగా వాడుకుంటుంది, వాడేసిన గడిలో ఆ ఫోటో నెగిటివ్ లాగా మిగిలే ఉంటుంది. అయిపోయిన క్యాసెట్‌ని చెత్తలో పడేస్తే 36 మంది మొహాలు పడేసినట్టే. వెలుతురుకి ఎత్తి చూస్తే గుర్తుపట్టవచ్చు. రిబ్బన్‌ని బయటికి లాగి కత్తెరతో ముక్కలు చేయాలి, చేలో పారేయకూడదు, ఇంటికి తెచ్చి ఆ పని చేయాలి. ఇక కొనే వరస: ముందు బ్యాటరీ దొరుకుతుందో లేదో కనుక్కోండి, దొరికితేనే ప్రింటర్, దానితోపాటు 108 కాగితాల పెట్టె ఒకటి, రెండో పేపర్ ట్రే దొరికితే అది, గాలి కొట్టే రబ్బరు బల్బు. సంక్రాంతి దాటగానే కోతలు ఊపందుకుంటాయి గనుక డిసెంబరులోనే ఇంట్లో ఒక ట్రే కాగితాలు ఖర్చుపెట్టి చేయి తిప్పుకోండి.